ఎదుటి గేరి జామీను

కేసులోంచి పేరు తీసెయ్యమని బతిమాలేవాళ్ళను సర్వీసంతా చూశాను. వాళ్ళతో ఎలా మాట్లాడాలో ఏ పోలీసుకైనా రెండు మూడేళ్ళలో వచ్చేస్తుంది. పేరు రాయమని బతిమాలేవాళ్ళతో ఎలా మాట్లాడాలో మాత్రం నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. పత్తికొండ వైపు ఒక స్టేషన్లో ఏఎస్ఐగా ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి రెండు బాక్సుల టమాటాలు తెచ్చి నా బల్ల పక్కన దింపించాడు. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని, "మా మనవనికి ఈయేడన్నా బైండోవర్ ఇప్పీండి సార్. మీ పేరు చెప్పుకుంటాం" అన్నాడు. కాలేజీలో సీటు ఇప్పించమని అడిగేవాళ్ళు కూడా అంత వినయంగా అడగరు.

ఈమధ్యే ఖాకీ వేసుకున్న పిల్లలకు బైండోవర్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. పండగకో ఎన్నికలకో ముందు, గొడవ చేస్తారని అనుమానం ఉన్న మనుషులను మేము తహశీల్దార్ ముందుకు తీసుకుపోతాం. ఏడాదిపాటు ఎవరి జోలికీ పోము, శాంతిగా ఉంటాం అని వాళ్ళు రాసివ్వాలి. వాళ్ళు మాట తప్పితే నాదీ పూచీ అని ఒకరు జామీను నిలబడాలి. అంతే. తలవంచుకుని చేసి రావలసిన పని.

ఆ స్టేషన్ ఉన్న ఊళ్ళో అలా కాదు. ఆ ఊరికి పైగేరి, కిందగేరి అని రెండు వీధులు. వీధిని అక్కడ గేరి అంటారు. ఆ రెండింటికీ మధ్య పాత పగ. ఏటా తేరు పండగకు ముందు రెండు గేరుల పెద్దలనూ బైండోవర్ చేసేవాళ్ళం. ఆ రోజు వాళ్ళు మడత నలగని తెల్లబట్టలు కట్టుకుని, మెడలో దండలతో జీపుల్లో దిగేవాళ్ళు. తహశీల్దార్ ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. తిరిగి ఊరు చేరేసరికి ఫ్లెక్సీ కట్టి ఉండేది: "మా యువనేత తొలి బైండోవర్ సందర్భంగా హార్దిక శుభాకాంక్షలు". కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫోటోలు వరసగా, అందులో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒకటో తరగతి పిల్లవాడొకడు. పోలీసులు పేరు రాశారంటే మనిషి లెక్కలోకి వచ్చినట్టు. రాయలేదంటే వాడిని పోలీసులు కూడా పట్టించుకోలేదని లోకువ. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా ఆ ప్రస్తావన వచ్చేదట.

ఆ ఏడు మాకు కొత్త ఎస్సై వచ్చాడు. చదువుకున్నవాడు, మంచివాడు, బూట్లు అద్దంలా ఉంచుకునేవాడు. యువతను అహింసా దూతలుగా తయారుచేయాలని, ఊరూరా అవగాహన సదస్సు పెట్టి ఫోటోలు పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సదస్సులంటే నాకు ఒళ్ళు మంట. అయినా బడి వరండాలో పెట్టించాను. పైగేరి కుర్రాళ్ళు ఒకవైపు, కిందగేరి కుర్రాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. మధ్యలో ఎద్దులబండి పోయేంత సందు వదిలారు. ఎస్సై చెమటలు కక్కుతూ గంటసేపు అహింస గురించి చెప్పాడు. వాళ్ళు బిస్కట్లు తిన్నారు. చివర ఏమన్నా సందేహాలుంటే అడగమంటే ఒకడు లేచాడు.

"సార్, ఈతూరి బైండోవర్ ఏపొద్దు పెడతాండారు?"

రెండువైపులా చప్పట్లు మోగాయి. ఎస్సై నా చెవి దగ్గరికి వంగి, "చూశారా ఏఎస్ఐ గారూ, రెండు పార్టీలవాళ్ళూ కలిసి చప్పట్లు కొట్టారు. మార్పు మొదలైంది" అన్నాడు. నేను ఖాళీ బిస్కట్ ప్యాకెట్లు ఏరించాను.

టమాటాలు దింపించిన పెద్దాయన పైగేరికి పెద్ద. మనవడు ఇరవై ఏళ్ళవాడు, ఐటీఐ చదివి ఊళ్ళోనే ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరేమన్నా నవ్వే రకం. టమాటాలు తిరిగి పంపించేశాను. మరుసటి రోజు పొద్దున స్టేషన్ ఎదుట బోరింగు దగ్గర ఆ కుర్రాడి తల్లి నా కోసం నిలబడి ఉంది. బిందె తెచ్చుకుంది కానీ నీళ్ళు పట్టలేదు.

"సార్, మా మామ వచ్చిపోయినాడంట కదా. మావోని పేరు రాయొద్దండి సార్."

"రాస్తే ఏమవుతుందమ్మా? ఒక సంతకమే కదా" అన్నాను, ఆమె ఏమంటుందో చూద్దామని.

"వాళ్ళ నాయనకు గూడా ఈ వయసులోనే మొదులుపెట్టినారు. దండలేసినారు, ఫోటోలు తీసినారు. ఆపైన ఆయప్ప ఇంగ వాళ్ళ మనిషే అయిపోయ. ఈన్ని కూడా అట్ల చేస్తే నాకు ఇంగెవురూ ల్యారు సార్."

ఆమె భర్తను ఆ కుర్రాడి చిన్నప్పుడు పొలం గట్టు మీద చంపేశారు. ముద్దాయిలందరి మీదా కేసు కొట్టేశారు. ఆ సంగతి స్టేషన్లో అందరికీ తెలుసు. నేను రాయనని ఆమెకు మాట ఇచ్చాను. ఇవ్వడం తేలికగానే ఉంది.

ఆ మధ్యాహ్నమే కుర్రాడు ఒక్కడే వచ్చాడు. చొక్కా టక్ చేసుకున్నాడు. నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు నా పేరు రాయనన్నారంట. ఏం చేస్తే రాస్తారో చెప్పండి. రాయి ఇసిరితే సాల్నా? ఎవురిదన్నా తల పగలగొట్టల్నా? కిందగేరోళ్ళదే అయ్యుండల్నా, ఎవురిదైనా పర్వాల్యా?"

కోపంగా అడిగి ఉంటే ఒకటి పీకి పంపేవాణ్ణి. వాడు ఉద్యోగానికి ఏయే అర్హతలు కావాలో కనుక్కుంటున్నట్టు అడిగాడు. నాకు భయం వేసింది. ఉత్తి చేతుల్తో పంపిస్తే తేరులోపల ఎవడిదో ఒకడి తల పగలడం ఖాయం. పేరు రాస్తే పొద్దున ఆ తల్లికిచ్చిన మాట సాయంత్రానికల్లా పోతుంది. ఏం చెప్పాలో తెలియక నోటికి వచ్చింది చెప్పాను.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. ఈ ఏడు రూలు మారింది. ఎదుటి గేరి మనిషిని జామీను తెచ్చుకో, రాస్తా."

అలాంటి రూలు ఎక్కడా లేదు. ఆ నిమిషంలో నా బుర్రలో పుట్టింది. కిందగేరిలో వీడికి జామీను నిలబడే మనిషి పుట్టి ఉండడు, పీడ విరగడవుతుందని నా లెక్క. కుర్రాడు వెళ్ళాక వెనక్కి తిరిగితే గుమ్మంలో ఎస్సై నిలబడి ఉన్నాడు. గంభీరంగా తలాడించి, "అవునవును, కొత్త చట్టాల్లో చాలా మారాయి. నేను కూడా ఒకసారి చూసుకోవాలి" అని లోపలికి పోయాడు. అప్పుడే నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. ఆయన బాగా చదువుకున్నవాడు కదా, ఆయనే చూసుకుంటాడులే అనుకున్నాను.

పొద్దుగూకేలోపల రూలు ఊరంతా పాకింది. ఊరు నా మీద పడి కొడుతుందనుకున్నాను. నా అంచనా తలకిందులైంది. రూలు వాళ్ళకు తెగ నచ్చింది. "ఎవనికి బడితే వానికి ఇస్తాంటే దానికేం ఇలువ ఉంటాది? ఇప్పుడు సరిపాయ" అన్నారట రచ్చకట్ట మీద. ఇక కుర్రాళ్ళు పరీక్ష దగ్గరపడినట్టు ఊరంతా తిరగడం మొదలుపెట్టారు. కిందగేరివాళ్ళు పైగేరి ఇళ్ళ ముందు, పైగేరివాళ్ళు కిందగేరి ఇళ్ళ ముందు.

జామీను నిలబడేవాళ్ళకు ఒక సంగతి తొందరగానే అర్థమైంది. వీడు తప్పు చేస్తే స్టేషన్ మెట్లెక్కేది మనమే. దాంతో ఎవరి షరతులు వాళ్ళు పెట్టారు. పైగేరిలో ఒక ముసలామె తన దగ్గరికి వచ్చిన కిందగేరి కుర్రాణ్ణి గుమ్మంలోనే ఆపి, "నీ బండి సప్పుడుకు నా బర్రె పాలియ్యడంల్యా. ముందు ఆ సైలెన్సరు పెట్టించుకోని రా. ఆపైన బర్రెను గూడా కడిగిపో" అంది. వాడు రెండూ చేశాడు. ఇంకొక జామీనుదారు తన కుర్రాడు నోరు తెరిస్తే బూతు వస్తోందని వెనకాలే తిరిగి లెక్క పెట్టాడు. పేకాటలో ఒకడు ఎదుటివాడి మీద చెయ్యెత్తితే వెనకనుంచి "రేయ్, నా జామీను రా!" అని గావుకేక. ఎత్తిన చెయ్యి అట్లాగే దిగిపోయింది. జామీనుదారులు స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదులు చేసేవాళ్ళు. "సార్, మావోడు నిన్న ఒకన్ని గుడ్లురిమి చూసినాడు. రేపు ఏమన్నా అయితే నాకు సంబంధం ల్యా." ఆ 'మావోడు' ఎదుటి గేరివాడు. ఆ మాట వాళ్ళ నోట్లో ఎలా తిరిగిందో వాళ్ళకే తెలియదు, నేను గమనించి నోరు మూసుకున్నాను.

పెద్దాయన మనవడికి మాత్రం జామీను దొరకలేదు. ఆ ఇంటి పేరు చెబితేనే కిందగేరిలో తలుపులు మూసేవాళ్ళు. నేను నిశ్చింతగా ఉన్నాను. ఒక రోజు పొద్దున కిందగేరి మొదట్లో మరమరాల ఉప్మా లాంటి ఉగ్గాని అమ్మే అంగట్లో బజ్జీ కొరుకుతుండగా ఆ కుర్రాడు వచ్చాడు. అంగడాయన కుడిచేతికి బొటనవేలు, ఇంకో రెండు వేళ్ళు మాత్రమే ఉన్నాయి. మిగతావి వయసులో ఉండగా నాటుబాంబు చుడుతుంటే పోయాయి. ఈ కుర్రాడి తండ్రి హత్యకేసులో ఆయన పేరు ముద్దాయిల్లో ఉండేది. నా నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది.

"మామా, నాకు జామీను నిలబడతావా?"

అంగడాయన బాణలి మీదనుంచి తలెత్తలేదు. "నేనెవుర్నో తెల్సునా నీకు?"

"తెల్సు."

"మీ నాయన కేసులో నా పేరుండాది. అది తెల్సునా?"

"అదీ తెల్సు."

"తెల్సి వచ్చినావా?"

"ఇంగెవురూ ఒప్పుకోల్యా మామా."

అంగడాయన చాలాసేపు బజ్జీలు తిప్పాడు. అన్నీ నల్లగా మాడాయి. చివరికి, "సరే. కానీ నువ్వేం చేస్తాండావో నేను సూసుకోవల్ల. తేరుదాంకా దినామూ పొద్దున్నే ఈడికి రా. ఎర్రగడ్డలు కొయ్యి, బొరుగులు నానబెట్టు. నా కండ్ల ముందరుంటేనే నిలబడతా" అన్నాడు.

మరుసటి రోజునుంచి ఆ కుర్రాడు తండ్రిని చంపారన్నవాళ్ళలో ఒకడి పక్కన కూర్చుని ఉల్లిపాయలు కోశాడు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. కిందగేరివాళ్ళు వింత చూడ్డానికి, పైగేరివాళ్ళు తమ పిల్లవాడికి కాపలాకి. ఊరికే నిలబడితే బాగుండదని అందరూ ఉగ్గాని తిన్నారు. బొరుగుల బస్తాలు చాలక అంగడాయన పక్క ఊరికి మనిషిని పంపాల్సి వచ్చింది. పెద్దాయన మండిపడుతూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, ఇదేం రూలప్పా? నా మనవడు పోయి వాని అంగట్లో ఎర్రగడ్డలు కోస్తాండాడు!"

"ఇష్టం లేకపోతే మానిపించండి పెద్దాయనా. పేరు రాయను, అంతే కదా."

ఆయన తలగుడ్డ చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. "సరే, కోయనీలే" అని వెళ్ళిపోయాడు.

నేను పెద్ద తెలివిగలవాణ్ణని మురిసిపోయాను. ఇక్కడే చెబుతున్నాను పిల్లలూ, మన తెలివికి మనమే మురిసిపోయే రోజున లాఠీ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.

తేరుకు ముందురోజు అందరినీ తహశీల్దార్ ఆఫీసుకు తీసుకుపోయాం. గేటు బయట ఫ్లెక్సీలు, పూలదండలు, ఒక డప్పుల జట్టు కూడా. తహశీల్దార్ మేడమ్ ఆ మండలానికి వచ్చి ఎంతోకాలం కాలేదు. ఒక్కొక్కరినీ చూసి, "ఇదేమిటి, జామీనులంతా అవతలి పార్టీవాళ్ళే వచ్చారు?" అన్నారు.

"కొత్త రూలు మేడమ్" అన్నాడు ఎస్సై ధీమాగా.

"ఏ రూలు?"

ఎస్సై నావైపు చూశాడు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను.

"అలాంటిదేమీ లేదు. ఎవరైనా నిలబడొచ్చు" అన్నారు మేడమ్.

కుర్రాళ్ళు జామీనుల వైపు చూశారు, జామీనులు కుర్రాళ్ళ వైపు చూశారు. తర్వాత రెండు గేరులూ కలిసి ఒక్కసారిగా నా మీద లేచాయి. ఆ ఊరి చరిత్రలో అవి కలవడం అదే మొదలు. "నాచేత బర్రెను కడిగించినారు సార్!" అని కిందగేరి కుర్రాడు కేకపెట్టాడు. "కడిగితే నీ సొమ్మేం పాయరా? నీకంటే అదే నయం" అని ముసలామె వాణ్ణి కసిరింది. ఎస్సై ముఖం చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు. ఎలాగో గోల సద్దుమణిగాక మేడమ్ పెద్దాయన మనవణ్ణి పిలిచారు. వీడి మీద ఏమేం కేసులున్నాయని అడిగారు. ఏమీ లేవన్నాను. ఈమధ్య ఏం చేస్తున్నాడని అడిగారు. ఉగ్గాని చేస్తున్నాడన్నాను.

"ఉగ్గాని చేసినవాణ్ణి బైండోవర్ చెయ్యమంటారా? పంపించండి" అన్నారామె.

నా గుండెల మీదినుంచి బండ దిగింది. బోరింగు దగ్గర ఇచ్చిన మాట నిలబడిందనుకున్నాను. ఆ సంతోషం నిమిషం కూడా లేదు. పెద్దాయన లేచాడు. బయట మనవడి పేరుతో ఫ్లెక్సీ కట్టి ఉంది, డప్పులవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన ముఖం నల్లబడిపోయింది.

"ఏమీ చేయల్యా కాబట్టి రాయరు. అంతేనామ్మా?" అని మనవడి వైపు తిరిగాడు. "రేయ్, అయితే ఇప్పుడు చెయ్యి. మీ నాయనను సంపినోడు ఆడ నిలబడుకోనుండాడు. ఈడనే, ఈయమ్మ ముందరే చెయ్యి."

కుర్రాడు నడిచి వెళ్ళి అంగడాయన ముందు నిలబడ్డాడు. వాడి పిడికిలి బిగుసుకుంది. నేను వాళ్ళ మధ్యకు పోవాలి, అదే నా ఉద్యోగం. పోలేదు.

అంగడాయన తప్పుకోలేదు. "కొట్టుకో అల్లుడూ. కాకుంటే నేను నీకు జామీను. దెబ్బలు తినేదీ నేనే, నీ బదులు స్టేషన్‌కు పోయేదీ నేనే" అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"మామా," అన్నాడు కుర్రాడు. అన్ని రోజులు పక్కన కూర్చుని అడగని మాట అప్పుడు అడిగాడు. "మా నాయనను నువ్వు సంపినావా?"

"నరికింది నేను కాదు" అన్నాడు అంగడాయన. కోర్టులో ఏ లాయరూ రాబట్టలేని మాట అక్కడ వాడి ముఖం చూస్తూ చెప్పాడు. "ఆపొద్దు నేను ఆడ ఉండా. చేతులు పట్టుకున్నోళ్ళల్లో నేనొకన్ని. అప్పుటికి నా చేతికి వేళ్ళన్నీ ఉండె."

కుర్రాడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. వాడు చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, గిరుక్కున మేడమ్ వైపు తిరిగాడు.

"మేడం, నన్ను బైండోవర్ చెయ్యండి."

"చెప్పాను కదా బాబూ, నీ మీద ఏమీ లేదు."

"ఇప్పుడుండాది మేడం. ఈయప్పను సంపల్లనుండాది నాకు. సంపనని రాసిస్తా. బిరీన రాపిచ్చుకోండి."

దానికి చట్టంలో చోటుందో లేదో మేడమ్‌కే తెలియాలి. ఆమె కాగితం ముందుకు లాక్కుని, ఒక్కొక్క వాక్యం చదివి వాడిచేత చెప్పించారు. ఎవరి ప్రాణానికీ హాని చేయనన్న చోట వాడు ఆగాడు. ఆమె తొందరపెట్టలేదు. చెప్పాడు. జామీను ఎవరని అడిగితే అంగడాయన ముందుకు వచ్చి, ఉన్న వేళ్ళతోనే కలం పట్టుకుని సంతకం పెట్టాడు. పెద్దాయన బయటకు పోయి మెట్ల మీద కూర్చున్నాడు. డప్పులవాళ్ళు కొట్టమంటారా వద్దా అని అడిగితే ఆయన తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను నా సర్వీసులో లెక్కలేనంతమందిని ఆ గదిలో నిలబెట్టాను. మాట అవసరమై ఇచ్చినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి. ఎస్సై నాతో వారంరోజులు మాట్లాడలేదు, ఆ మాత్రం శిక్ష నాకు తక్కువే.

రూలు ఉత్తిదని తేలాక కుర్రాళ్ళు తమ తమ గేరులవాళ్ళనే జామీను పెట్టుకోవచ్చు. ఒక్కడూ మార్చుకోలేదు. అంత కష్టపడి సంపాదించుకున్నది వదలబుద్ధి కాలేదో ఏమో. మర్నాడు తేరు దగ్గర అసలు చిక్కు వచ్చింది. తేరు లాగే తాళ్ళలో కుడి మోకు పైగేరిది, ఎడమ మోకు కిందగేరిది. నా కుర్రాడు నా కళ్ళముందే ఉండాలని జామీనుదారులంతా పట్టుబట్టారు. కుర్రాళ్ళు జామీనుల వెంట, జామీనులు కుర్రాళ్ళ వెంట అటూ ఇటూ మారి మారి, చివరకు ఏ మోకు ఎవరిదో ఎవరికీ తెలియలేదు. తేరు చాలాసేపు అక్కడే నిలిచిపోయింది. దేవుడు కూడా విసుక్కుని ఉంటాడు. ముసలామె మోకు పట్టుకుని బర్రెను అదిలించినట్టు అదిలిస్తే అప్పుడు కదిలింది. ఎస్సై ఫోటోలు తీసి, అహింసా దూతలు అని రాసి పైకి పంపాడు. ఆ తర్వాత పక్క స్టేషన్లవాళ్ళు నాకు ఫోన్ చేసి, అది ఏ సెక్షన్ అన్నా అని అడిగేవాళ్ళు. మా ఊరి సెక్షన్ అని చెప్పేవాణ్ణి.

పెద్దాయన మనవడు, అంగడాయన ఒకే మోకు పట్టుకున్నారు. మాట్లాడుకోలేదు. ఆ కుర్రాడు మళ్ళీ ఆ అంగడికి పోలేదని విన్నాను. అది వాడి ఇష్టం. తేరు కదిలాక ఆ కుర్రాడి తల్లి జనంలోంచి వచ్చి నా పక్కన నిలబడింది. నేనే ముందు నోరు విప్పాను.

"మాట తప్పానమ్మా. పేరు రాయించాల్సి వచ్చింది."

"విన్నా సార్." ఆమె కళ్ళు కొడుకు మీదనే ఉన్నాయి. "వాళ్ళ నాయన గూడా ఏటా రాసిచ్చి వస్తాండె. అన్నం పెట్టేటప్పుడు అడుగుతాంటి, ఏమని రాసిచ్చినావు అని. ఎవురికి తెల్సు, సంతకం పెట్టమన్నారు, పెట్టినా అంటాండె."

మోకు పట్టుకున్న కొడుకు వైపు చెయ్యి చూపించింది.

"నిన్న వీన్నీ అడిగినా సార్. మొత్తం చెప్పినాడు. ఒక్క మాట గూడా ఇడ్సకుండా చెప్పినాడు."